కారేపల్లి మిర్చి కంటైనర్ ఎక్కాలంటే.. ఫ్రైట్ ఫార్వార్డర్ చేసేదేంటి? మీరు చూసుకోవాల్సిందేంటి?

ఖమ్మం మిర్చి మార్కెట్‌లో పొద్దున జెండా పాట అయిపోతుంది. కాంటా పడుతుంది. తక్‌పట్టీ చేతికొస్తుంది. ఆ తర్వాత తన బస్తాలు ఎటు పోతున్నాయో రైతుకు తెలియదు. అందులో తేజ రకం మిర్చి చాలా వరకు దేశం దాటుతుంది. చైనా, థాయ్‌లాండ్, మలేసియా, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి దేశాల్లో ఖమ్మం, గుంటూరు ప్రాంతాల తేజకు గిరాకీ ఎక్కువ.

సింగరేణి మండల కేంద్రం కారేపల్లి, చుట్టుపక్కల తండాల్లో మిర్చి పండించే వారికి ఇది తెలియని సంగతేమీ కాదు. అందుకే ‘మార్కెట్‌లో అమ్మే బదులు మనమే నేరుగా పంపితే?’ అన్న ప్రశ్న రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో, కొత్తగా వ్యాపారంలోకి వస్తున్న యువకుల్లో తరచూ వినిపిస్తుంటుంది. వెంటనే వచ్చే సమాధానం కూడా ఒకటే. ‘ఫ్రైట్ ఫార్వార్డర్‌ను పట్టుకో, అన్నీ ఆయనే చూసుకుంటాడు.’

సగం నిజం ఇందులోనే ఉంది. సరుకు ఇక్కడి నుంచి అక్కడికి చేరే ఏర్పాట్లు ఫార్వార్డర్ చేస్తారు. కానీ కొనుగోలుదారు డబ్బు ఇస్తాడా లేదా, సరుకు పరీక్షలో నిలబడుతుందా లేదా, కస్టమ్స్‌కు చెప్పిన వివరాలు నిజమా కాదా.. ఈ మూడింటికీ ఎగుమతిదారుగా పేరున్న మీరే జవాబుదారీ. ఈ తేడా తెలియక ఒక్క కంటైనర్ చేజారినా ఒక సంఘం ఏడాది కష్టం పోయినట్టే.

ఎవరీ ఫ్రైట్ ఫార్వార్డర్?

లారీ కావాలంటే మనం లారీ యజమాని ఇంటికి వెళ్లం. ట్రాన్స్‌పోర్టు బుకింగ్ ఆఫీసుకు వెళ్తాం. వాళ్లకు సొంత లారీ ఉండకపోవచ్చు. ఏ లారీ ఎటు వెళ్తోంది, కిరాయి ఎంత, సరుకు ఎప్పుడు దిగుతుంది అన్నది మాత్రం వాళ్లకు తెలుసు. ఫ్రైట్ ఫార్వార్డర్ పని కూడా అలాంటిదే, కాకపోతే సముద్రాలు దాటి చేస్తారు.

సాధారణంగా ఫార్వార్డర్‌కు సొంత ఓడ, విమానం ఉండవు. ఓడల కంపెనీల నుంచి, విమానయాన సంస్థల నుంచి జాగా బుక్ చేస్తారు. ఖాళీ కంటైనర్ తెప్పిస్తారు. గోదాము నుంచి పోర్టు వరకు లారీ మాట్లాడతారు. కస్టమ్స్ పని చేయిస్తారు. అవతలి దేశంలో ఉన్న తమ ఏజెంటు ద్వారా సరుకు అప్పగిస్తారు. పలువురు వ్యాపారుల చిన్న చిన్న సరుకులను ఒకే కంటైనర్‌లో సర్ది పంపించడం కూడా వీళ్ల పనే.

ఫార్వార్డర్, కస్టమ్స్ బ్రోకర్, షిప్పింగ్ లైన్.. ఒక్కరేనా?

కాదు. ఒకే ఆఫీసులో మూడు పనులూ జరగొచ్చు గానీ చట్టం దృష్టిలో మూడూ వేర్వేరు.

షిప్పింగ్ లైన్ అంటే ఓడను నడిపే కంపెనీ. కంటైనర్ కూడా చాలాసార్లు వాళ్లదే.

కస్టమ్స్ బ్రోకర్ అంటే మీ తరఫున కస్టమ్స్ ముందు పత్రాలు దాఖలు చేసే వ్యక్తి లేదా సంస్థ. మన దగ్గర పాతవాళ్లు ‘క్లియరింగ్ ఏజెంట్’ అంటారు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 146వ సెక్షన్, 2018 నాటి కస్టమ్స్ బ్రోకర్ల లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం దీనికి లైసెన్స్ తప్పనిసరి. ఆ లైసెన్స్‌ను అమ్మడం, మరొకరికి బదలాయించడం కుదరదు. మీ నుంచి అధికార పత్రం తీసుకోవడం, మీ గుర్తింపు, ఐఈసీ, జీఎస్టీ నంబర్లు సరైనవో కాదో చూడటం బ్రోకర్ బాధ్యత. అందుకే వాళ్లు కేవైసీ పత్రాలు అడిగితే అనుమానపడొద్దు. అసలు ఏమీ అడగకుండా ‘పని అయిపోతుంది’ అనేవారితోనే జాగ్రత్త.

ఫార్వార్డర్ విషయం కొంచెం వేరు. కేవలం ఏర్పాట్లు చేసిపెట్టే ఏజెంటుగా ఉండటానికి కస్టమ్స్ బ్రోకర్‌కు ఉన్నట్టు ప్రత్యేక లైసెన్స్ లేదు. కానీ గోదాము నుంచి అవతలి దేశం దాకా రవాణా బాధ్యతను తన పేరు మీద తీసుకుని, ఆ మేరకు పత్రం ఇచ్చే సంస్థ మాత్రం 1993 నాటి మల్టీమోడల్ రవాణా చట్టం కింద నమోదై ఉండాలి. ఆ నమోదు షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ కార్యాలయం ఇస్తుంది. వ్యాపార భాషలో దీన్ని ‘ఎంటీవో రిజిస్ట్రేషన్’ అంటారు.

అంటే మొదటి మాటల్లోనే రెండు నంబర్లు అడగాలి. ఒకటి ఎంటీవో రిజిస్ట్రేషన్ నంబరు. రెండోది ఆ సంస్థ వాడే కస్టమ్స్ బ్రోకర్ లైసెన్స్ నంబరు. ఇవ్వడానికి తటపటాయిస్తే అక్కడితో ఆగిపోవడం మంచిది.

వాళ్ల దగ్గరికి వెళ్లేముందు మీ దగ్గర ఏముండాలి?

ముందుగా ఐఈసీ. ఇది పది అంకెల ఎగుమతి దిగుమతి కోడ్. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో పాన్, బ్యాంకు ఖాతా, చిరునామా వివరాలతో దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజు రూ.500. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ మధ్య అందులోని వివరాలు సరిగా ఉన్నాయని ధ్రువీకరించాలి. మార్పులేమీ లేకపోయినా ఇది చేయాల్సిందే. మరిచిపోతే కోడ్ పనిచేయకుండా పోతుంది.

తర్వాత జీఎస్టీ. ఎగుమతికి పన్ను భారం ఉండదు. పన్ను కట్టకుండా పంపాలంటే ‘ఎల్‌యూటీ’ అనే హామీ పత్రాన్ని ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. లేదంటే పన్ను కట్టి పంపి, తర్వాత రిఫండ్ తీసుకోవాలి.

విదేశీ డబ్బు వచ్చే బ్యాంకు శాఖకు ఉండే ‘ఏడీ కోడ్’ను సరుకు వెళ్లే పోర్టు వద్ద కస్టమ్స్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇది లేకపోతే షిప్పింగ్ బిల్లు ముందుకు కదలదు.

మిర్చి, పసుపు లాంటి సుగంధ ద్రవ్యాలైతే స్పైసెస్ బోర్డు ఇచ్చే ఎగుమతిదారు నమోదు ధ్రువపత్రం కూడా కావాలి. బోర్డు ప్రధాన కార్యాలయం కొచ్చిలో ఉంది. గుంటూరులో నాణ్యత పరీక్షల ల్యాబ్ ఉంది.

కొనే దేశం నిబంధనలు వేరే ఉంటాయి. ఉదాహరణకు చైనా 2022 జనవరి నుంచి తమ దేశానికి ఆహార పదార్థాలు తయారు చేసే, శుద్ధి చేసే, నిల్వచేసే విదేశీ సంస్థలు అక్కడి కస్టమ్స్ శాఖ వద్ద నమోదై ఉండాలనే నిబంధన అమలు చేస్తోంది. ఇలాంటివి కొనుగోలుదారును, ఫార్వార్డర్‌ను ఇద్దరినీ అడిగి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. సరుకు పోర్టుకు చేరాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

కారేపల్లి గోదాము నుంచి ఓడ దాకా ఏం జరుగుతుంది?

ఖమ్మం ప్రాంతం నుంచి సముద్ర మార్గానికి విశాఖపట్నం, చెన్నై పోర్టులు ఉన్నాయి. హైదరాబాద్ సనత్‌నగర్‌లో కంటైనర్ కార్పొరేషన్ నడిపే ఇన్‌ల్యాండ్ కంటైనర్ డిపో ఉంది. అక్కడే కస్టమ్స్ పని పూర్తిచేసి కంటైనర్‌ను పోర్టుకు పంపొచ్చు. విమానంలో అయితే శంషాబాద్. ఏ దేశానికి, ఏ ఓడకు అన్నదాన్ని బట్టి ఏ దారి మేలో ఫార్వార్డర్ చెబుతారు. ఒకే దారికి కాకుండా రెండు దారులకు ధర అడిగి చూడండి.

కంటైనర్ నింపడానికి రెండు పద్ధతులు. మొదటిది, ఖాళీ కంటైనరే మీ గోదాముకు వస్తుంది. అక్కడే నింపి, సీలు వేసి పంపుతారు. ఇలా సొంతంగా సీలు వేయడానికి కస్టమ్స్ అనుమతి ముందే తీసుకోవాలి. రెండోది, బస్తాలు లారీలో పోర్టు దగ్గరి కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌కు వెళ్తాయి. అక్కడ కస్టమ్స్ పర్యవేక్షణలో నింపుతారు. కొత్తగా మొదలుపెట్టేవారికి రెండోదే తేలిక. కాకపోతే దింపుడు, ఎత్తుడు ఒకసారి ఎక్కువ. ఎన్ని బస్తాలు దిగాయి, ఎన్ని లోపలికి వెళ్లాయి అన్న లెక్కకు మీ మనిషి ఒకరు అక్కడ ఉండటం మంచిది. నింపేటప్పుడు, తలుపు మూశాక, సీలు నంబరు కనిపించేలా ఫొటోలు తీసుకోండి. రేపు గొడవ వస్తే ఇవే సాక్ష్యం.

కస్టమ్స్ బ్రోకర్ మీ ఐఈసీ మీద ‘ఐస్‌గేట్’ పోర్టల్‌లో షిప్పింగ్ బిల్లు దాఖలు చేస్తారు. అధికారులు సరిచూసుకుని ‘లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్’ ఇస్తారు. అది వస్తేనే సరుకు ఓడ ఎక్కడానికి అనుమతి వచ్చినట్టు. షిప్పింగ్ బిల్లులోని ఇన్‌వాయిస్ నంబరు, మీ జీఎస్టీ రిటర్న్‌లోని నంబరు ఒకేలా ఉండాలి. తేడా ఉంటే రిఫండ్ ఆగిపోతుంది. అందుకే దాఖలు చేసేముందు చెక్‌లిస్టు కాపీ తెప్పించుకుని మీరే చదవండి.

వ్యవసాయ ఉత్పత్తి కాబట్టి మొక్కల క్వారంటైన్ విభాగం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. చీడలు లేవని ఇచ్చే ధ్రువపత్రం ఇది. చాలా దేశాలకు పొగబెట్టిన, అంటే ఫ్యూమిగేషన్ చేసిన సర్టిఫికెట్ కూడా అడుగుతారు. చెక్క ప్యాలెట్లు వాడితే వాటిపై శుద్ధి చేసినట్టు అంతర్జాతీయ ముద్ర ఉండాలి. సరుకు భారతదేశంలో పండిందని చెప్పే ‘సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్’ ఉంటే వాణిజ్య ఒప్పందాలున్న దేశాల్లో కొన్ని సరుకులకు సుంకం తగ్గుతుంది. దానికి డీజీఎఫ్‌టీ ఆన్‌లైన్ వేదిక ఉంది.

ఇక బరువు. 2016 జులై నుంచి సరుకుతో సహా కంటైనర్ మొత్తం బరువును ధ్రువీకరించి ఇవ్వనిదే ఓడలోకి ఎక్కించరు. ఆ బరువు చెప్పాల్సింది పంపేవారే. కాంటా చీటీ భద్రంగా పెట్టుకోండి.

మొత్తం కంటైనరా, కొంత జాగానా, విమానమా?

కంటైనర్ మొత్తం మీదే అయితే ‘ఎఫ్‌సీఎల్’. కొంత జాగా మాత్రమే తీసుకుంటే ‘ఎల్‌సీఎల్’.

20 అడుగుల కంటైనర్ లోపల సుమారు 33 ఘనపు మీటర్ల జాగా ఉంటుంది. 40 అడుగుల ఎత్తు కంటైనర్‌లో సుమారు 76 ఘనపు మీటర్లు. ఎండు మిర్చి తేలికైన సరుకు. బరువు పరిమితి రాకముందే జాగా నిండిపోతుంది. అందుకే టన్నుకు ఎంత పడుతుందన్నది బస్తాను ఎంత బిగించి కట్టారన్నదాని మీద ఆధారపడుతుంది.

ఎల్‌సీఎల్‌లో టన్ను, ఘనపు మీటరు.. రెండింటిలో ఏది ఎక్కువ వస్తే దానికి డబ్బు కడతాం. 1.2 మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తున్న ప్యాలెట్ అంటే 1.8 ఘనపు మీటర్లు. దాని బరువు 500 కిలోలే అయినా 1.8కే లెక్క కడతారు. పైగా పక్కవారి సరుకు కస్టమ్స్‌లో ఆగితే మీ సరుకూ ఆగిపోవచ్చు. మిర్చి పక్కన ఘాటు వాసన ఉండే సరుకు పెట్టారేమో కూడా అడగాలి.

విమానంలో పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తారు. 60, 50, 40 సెంటీమీటర్ల అట్టపెట్టె అయితే 20 కిలోలు వస్తుంది. లోపల కారం 12 కిలోలే ఉన్నా 20 కిలోలకు కిరాయి. కొరియర్ సంస్థలు చాలావరకు 5,000తో భాగిస్తాయి. అంటే అదే పెట్టె 24 కిలోలు అవుతుంది. నమూనాలకు, త్వరగా చేరాల్సిన ఖరీదైన సరుకుకే విమానం సరిపోతుంది.

కొటేషన్ చదవడం ఎలా?

‘కంటైనర్‌కు ఇంత’ అని ఒక్క అంకె చెబితే అది కొటేషన్ కాదు. విడివిడిగా రాయించుకోవాలి. గోదాము నుంచి లారీ కిరాయి, హమాలీ, ఫ్రైట్ స్టేషన్ చార్జీలు, కస్టమ్స్ బ్రోకర్ ఫీజు, ఫ్యూమిగేషన్, సర్టిఫికెట్ల ఖర్చు, పోర్టు టెర్మినల్ చార్జీ, సముద్ర కిరాయి, సర్‌చార్జీలు, బిల్ ఆఫ్ లేడింగ్ ఫీజు, సీలు, పన్నులు.. ఇవన్నీ ఉన్నాయో లేదో చూడాలి. ఏవి ఫార్వార్డర్ సొంత చార్జీలు, ఏవి రసీదు చూపి తీసుకునేవి అన్నది కూడా అడగాలి.

డాలర్లలో చెప్పిన చార్జీని ఏ రోజు మారకం రేటుతో రూపాయల్లోకి మారుస్తారో రాయించుకోండి. ధర ఎప్పటిదాకా చెల్లుతుందో చూడండి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక ఎన్నో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. కిరాయిలు రోజుల వ్యవధిలో మారాయి. పోయిన నెల ధర నమ్ముకుని కొనుగోలుదారుకు మాట ఇస్తే ఆ తేడా మీ మీదే పడుతుంది.

ఎల్‌సీఎల్‌లో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ సముద్ర కిరాయి దాదాపు సున్నా అని చెబుతారు. అవతలి రేవులో కొనుగోలుదారు నుంచి భారీగా వసూలు చేస్తారు. ఆయనకు కోపం వస్తే రెండో ఆర్డర్ రాదు. అందుకే ‘దిగే రేవులో చార్జీలు ఎంత’ అన్న ప్రశ్న తప్పకుండా అడగండి.

ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్.. ఇంతకీ ఫార్వార్డర్ ఎవరి మనిషి?

మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

ఖర్చు, నష్టభయం ఎక్కడి వరకు ఎవరివన్నది చెప్పడానికి అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించిన పదాలు ఉన్నాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న 2020 నియమావళిలో 11 పదాలున్నాయి. మన దగ్గర ఎక్కువగా వినిపించేవి రెండు. ఎఫ్‌ఓబీ అంటే సరుకును ఓడ ఎక్కించే వరకు మీ ఖర్చు. సముద్ర కిరాయి కొనుగోలుదారుది. సీఐఎఫ్ అంటే అవతలి రేవు దాకా కిరాయి, బీమా మీరే కడతారు. అయితే సీఐఎఫ్‌లో కూడా సరుకు ఓడ ఎక్కిన క్షణం నుంచి నష్టభయం కొనుగోలుదారుదే.

ఎఫ్‌ఓబీలో సముద్ర కిరాయి కట్టేది కొనుగోలుదారు కాబట్టి ఫార్వార్డర్‌ను కూడా ఆయనే పెడతారు. అంటే మీ సరుకు ఉన్నది అవతలివాళ్ల మనిషి చేతిలో. మీకు ఫోన్లో ఎంత మర్యాదగా మాట్లాడినా ఆయనకు డబ్బిచ్చేది వేరేవాళ్లు. ఇందులో మోసం ఉందని కాదు. చాలా వ్యాపారాలు ఇలాగే సాఫీగా నడుస్తున్నాయి. కానీ కొత్త కొనుగోలుదారు, ఆయనే పెట్టిన పేరు తెలియని ఫార్వార్డర్, ముందస్తు డబ్బు లేకపోవడం.. ఈ మూడూ ఒకేచోట కలిస్తే మాత్రం ఆగి ఆలోచించాలి.

మొదటి ఒకటి రెండు ఆర్డర్లకు కిరాయి మీరే కట్టి, మీరు ఎంచుకున్న ఫార్వార్డర్‌తో పంపడం కాస్త ఖర్చయినా పట్టు మీ చేతిలో ఉంటుంది.

బిల్ ఆఫ్ లేడింగ్.. ఈ కాగితం ఎందుకంత ముఖ్యం?

లారీకి ఎల్‌ఆర్ ఎలాగో ఓడకు బిల్ ఆఫ్ లేడింగ్ అలాగ. అయితే ఇది ఉత్త రసీదు కాదు. ఒరిజినల్ ఎవరి చేతిలో ఉంటే సరుకు మీద హక్కు వారిది. మామూలుగా మూడు ఒరిజినళ్లు ఇస్తారు. వాటిలో ఒకటి చూపినా సరుకు విడిపించుకోవచ్చు. కాబట్టి మూడూ మీ దగ్గరో, మీ బ్యాంకు దగ్గరో ఉండాలి. దీనికి సంబంధించిన 1856 నాటి పాత చట్టం స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త చట్టం చేసింది.

ఓడ కంపెనీ ఇచ్చేది ‘మాస్టర్’ బిల్లు. ఫార్వార్డర్ తన పేరుతో ఇచ్చేది ‘హౌస్’ బిల్లు. హౌస్ బిల్లు ఉన్నప్పుడు ఓడ కంపెనీకి మీరెవరో తెలియదు. దాని లెక్కలో సరుకు ఫార్వార్డర్‌ది. అవతలి రేవులో ఫార్వార్డర్ ఏజెంటు మీ ఒరిజినల్ అడగకుండా సరుకు అప్పగిస్తే, మీ చేతిలో కాగితం ఉండి కూడా సరుకు ఉండదు. ఎంటీవో రిజిస్ట్రేషన్ ఉందా అని మొదట్లోనే అడగమన్నది ఇందుకే.

‘టెలెక్స్ రిలీజ్’ అనే మాట వింటారు. ఒరిజినల్ కాగితం ఇక్కడే వెనక్కి ఇచ్చేసి, అక్కడ కాగితం లేకుండానే సరుకు ఇచ్చేయమని చెప్పడం. దీనివల్ల సమయం కలిసొస్తుంది. కానీ డబ్బు ఖాతాలో పడ్డాకే ఒప్పుకోవాలి. బ్యాంకు బదిలీ చేసినట్టు కొనుగోలుదారు పంపే స్క్రీన్‌షాట్‌ను డబ్బుగా లెక్కేయొద్దు.

డబ్బుకు భద్రత కావాలంటే బ్యాంకు ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ మంచి మార్గం. కానీ అందులో అడిగిన పత్రాలు అక్షరం తేడా లేకుండా ఇవ్వాలి. దాని కాపీని సరుకు నింపకముందే ఫార్వార్డర్‌కు చూపించి, ఆ తేదీల్లో ఓడ దొరుకుతుందా, ఆ పత్రాలు ఇవ్వగలరా అని అడగాలి. విదేశీ కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే కొంత ఆదుకునే బీమా ప్రభుత్వ రంగ సంస్థ ఈసీజీసీ దగ్గర దొరుకుతుంది.

సరుకు పాడైతే ఫార్వార్డర్ కట్టిస్తారా?

పూర్తిగా కట్టరు. మల్టీమోడల్ చట్టమే పరిహారానికి పరిమితి పెట్టింది. సరుకు విలువ పత్రంలో ముందే ప్రకటించకపోతే కిలోకు 2 ఎస్‌డీఆర్‌లు, లేదా ఒక్కో ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్‌లు, ఏది ఎక్కువైతే అంతవరకే. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క. ఈ చట్టం కింద దావా వేయడానికి గడువు కూడా తొమ్మిది నెలలే. తప్పు రవాణాదారుదని తేలితేనే ఇదంతా.

అందుకే మెరైన్ బీమా వేరుగా తీసుకోవాలి. సీఐఎఫ్‌లో సాధారణంగా ఇన్‌వాయిస్ విలువకు 10 శాతం కలిపి, 110 శాతానికి బీమా చేస్తారు. నియమం ప్రకారం కనీస రక్షణ చాలు కాబట్టి చాలామంది తక్కువ ప్రీమియం ఉన్న ‘సి’ క్లాజు తీసుకుంటారు. దొంగతనం, తడి లాంటివి ఎక్కువగా కవరయ్యేది ‘ఎ’ క్లాజులో. అది కూడా సరుకులో ముందే ఉన్న లోపానికి వర్తించదు. తేమ ఆరని మిర్చి కంటైనర్‌లో చెమర్చి బూజు పడితే బీమా కంపెనీ మీ కల్లం వైపే వేలు చూపుతుంది.

ఎక్కడ దెబ్బ తగులుతుంది?

మొదటిది బూజు. మిర్చికి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం తయారవుతుంది. యూరోపియన్ యూనియన్‌లో ఎండు మిర్చికి మొత్తం అఫ్లాటాక్సిన్ పరిమితి కిలోకు 10 మైక్రోగ్రాములు. మిర్చి ఎగుమతికి అఫ్లాటాక్సిన్, సూడాన్ రంగు పరీక్షలను స్పైసెస్ బోర్డు తప్పనిసరి చేసింది. మట్టినేల మీద ఆరబెట్టినా, అకాల వర్షానికి పట్టా కప్పడం ఆలస్యమైనా, కాయ విరగకుండా నీళ్లు చల్లినా ఫలితం ల్యాబ్‌లో బయటపడుతుంది. తేమ 11 శాతం దాటకుండా చూసుకోవాలి. కంటైనర్ లోపలి గోడలకు క్రాఫ్ట్ పేపరు, తేమ పీల్చే సంచులు పెట్టించాలి. ఖాళీ కంటైనర్ రాగానే లోపల నిల్చుని తలుపులు మూయించి, ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే చిల్లు ఉన్నట్టే. వెనక్కి పంపండి.

రెండోది ఆలస్యం. కంటైనర్‌ను ఉచిత గడువు దాటి రేవులో ఉంచితే డెమరేజ్, రేవు బయట ఉంచుకుంటే డిటెన్షన్ పడతాయి. రోజులు గడిచేకొద్దీ రేటు పెరుగుతుంది. ఎన్ని రోజులు ఉచితమో రెండు రేవులకూ రాయించుకోవాలి.

మూడోది, కొనుగోలుదారు సరుకు తీసుకోకపోవడం. అక్కడ ధర పడిపోతే నాణ్యత బాగోలేదని చెప్పి తప్పుకునేవారు ఉంటారు. అప్పుడు అక్కడి చార్జీల కోసం ఓడ కంపెనీ చివరికి బిల్లులో పంపినవారిగా పేరున్న మీ మీదకే వస్తుంది. సరుకు వెనక్కి తెప్పించాలన్నా ఖర్చు మీదే. కనీసం రానుపోను కిరాయికి సరిపోయేంత అడ్వాన్సు లేకుండా కంటైనర్ కదిలించకపోవడమే దీనికి మందు.

సమస్య వస్తే ఎవరికి చెప్పాలి?

కస్టమ్స్ బ్రోకర్ మీద ఫిర్యాదు ఉంటే లైసెన్స్ ఇచ్చిన కస్టమ్స్ కమిషనర్ కార్యాలయానికి. ఎంటీవోగా నమోదైన సంస్థ మీద అయితే షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ కార్యాలయానికి. విదేశీ కొనుగోలుదారుతో నాణ్యత, చెల్లింపు వివాదాలైతే డీజీఎఫ్‌టీ ప్రాంతీయ కార్యాలయాల్లో వాణిజ్య వివాదాల కమిటీలు ఉన్నాయి. మన ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. కొత్త ఎగుమతిదారులకు దారి చూపే ‘నిర్యాత్ బంధు’ పథకం కూడా డీజీఎఫ్‌టీదే. ఫార్వార్డర్ దగ్గరికి వెళ్లడానికి ముందే అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

ఏ ఫిర్యాదుకైనా కాగితమే బలం. ఫోన్లో మాట్లాడిన ప్రతి విషయాన్నీ ఆ రోజే ఈమెయిల్‌లో ‘మనం ఇలా అనుకున్నాం’ అని రాసి పంపండి.

కంటైనర్ అంత సరుకు లేనివారి సంగతి?

కారం పొడి, పసుపు, వెదురు బుట్టలు లాంటివి కొద్దికొద్దిగా విదేశీ కొనుగోలుదారులకు పంపాలంటే ఫార్వార్డర్ అవసరం లేకపోవచ్చు. తపాలా శాఖ ‘డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు’ నడుపుతోంది. ఎగుమతి బిల్లును ఆన్‌లైన్‌లో దాఖలు చేసి, పోస్టాఫీసులోనే పార్శిల్ ఇవ్వొచ్చు. వ్యాపారం కాబట్టి ఐఈసీ కావాలి. కూతురికో కొడుక్కో పచ్చళ్లు పంపేలాంటి సొంత అవసరానికి ఐఈసీ అక్కర్లేదు. అయితే 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. అక్కడికి పంపేవారు సుంకం ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోవాలి.

సంతకానికి ముందు అడగాల్సిన పది ప్రశ్నలు

1. మీ ఎంటీవో రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? ఇంకా చెల్లుబాటులో ఉందా?
2. కస్టమ్స్ పని ఎవరు చేస్తారు? వారి లైసెన్స్ నంబరు ఎంత?
3. ఈ దేశానికి మిర్చి ఇంతకుముందు పంపారా? అక్కడ మీ ఏజెంటు ఎవరు?
4. కొటేషన్‌లో లేని ఖర్చు ఇంకేదైనా వస్తుందా? దిగే రేవులో ఎంత పడుతుంది?
5. ధర ఏ తేదీ వరకు చెల్లుతుంది? మారకం రేటు ఏ రోజుది?
6. మాస్టర్ బిల్లు ఇస్తారా, హౌస్ బిల్లా? ఒరిజినళ్లు ఎప్పుడు, ఎవరి చేతికి ఇస్తారు?
7. నా రాతపూర్వక అనుమతి లేకుండా సరుకు విడుదల చేయబోమని రాసిస్తారా?
8. రెండు రేవుల్లో ఉచిత రోజులు ఎన్ని?
9. బీమా ఎవరు తీసుకుంటారు? ఏ క్లాజు?
10. ఓడ తప్పిపోతే, సరుకు తిరస్కరిస్తే ఖర్చు ఎవరిది?

మొదటిసారి వెళ్లేవారు మొత్తం పంటను పెట్టకుండా ముందు నమూనా, ఆ తర్వాత కొద్ది సరుకు, ఆపైన కంటైనర్.. ఇలా మెట్టుమెట్టుగా వెళ్లడం మేలు. ఖమ్మం యార్డులో కాంటా దగ్గర రైతు తన బస్తా పక్కనే నిలబడతాడు. తూకంలో తేడా వస్తే అక్కడే దడవాయిని నిలదీస్తాడు. ఓడ ఎక్కిన సరుకు పక్కన మనం నిలబడలేం. అక్కడ మన తరఫున నిలబడేవి మనం ముందే రాయించుకున్న కాగితాలే.